రంగు ఎక్కడ ఆగిపోయింది?

ఆగస్టు 14 సాయంత్రం జిరాక్స్ షాపుల్లో జెండా బొమ్మల ప్రింట్లకు గిరాకీ ఎక్కువ. సరిగ్గా అప్పుడే ప్రింటరు మొరాయించి కాషాయాన్ని గులాబీగానో, ఆకుపచ్చను పసుపుగానో దించుతుంది. కంగారులో చాలామంది ముందుగా చేసే పని హెడ్ క్లీనింగ్ నొక్కడం. రంగు రాదు, మళ్లీ నొక్కుతారు. ట్యాంకులో ఇంకు తరిగిపోతుంటుంది తప్ప చేతిలో ఉన్న కాగితం ఏం చెబుతోందో ఎవరూ పట్టించుకోరు.

ఏ రంగు ఆగిందో ఆ జెండాయే చెప్పేస్తుంది. ఇళ్లలో, చిన్న షాపుల్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో సాధారణంగా ఉండేవి నాలుగే ఇంకులు: సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు. మిగతా రంగులన్నీ వీటిని కలిపి పుట్టించేవే. కాషాయానికి మెజెంటా, పసుపు కావాలి. ఆకుపచ్చకు సయాన్, పసుపు. అశోక చక్రపు ముదురు నీలానికి సయాన్, మెజెంటా. కాబట్టి ఆకుపచ్చ పట్టీ పసుపుగా మారి, చక్రం గులాబీ వైపు తిరిగితే సయాన్ రావడం లేదు. కాషాయం పసుపైపోయి, చక్రం ఆకాశనీలంలోకి పాలిపోతే లోపం మెజెంటాది. చక్రం బాగానే ఉండి, కాషాయం గులాబీగా, ఆకుపచ్చ నీలంగా దిగితే పసుపు ఆగింది.

బొమ్మ మొత్తం నలుపు తెలుపుల్లోనే వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది సెట్టింగులను. ఎప్పుడో ఇంకు పొదుపు చేద్దామని ‘గ్రేస్కేల్’ దగ్గర పెట్టిన టిక్కు అలాగే ఉండిపోతుంది. అడోబీ రీడర్‌లో ఆ టిక్కు విడిగా మరొకటి ఉంటుంది, ప్రింటరు డ్రైవర్ సెట్టింగుల్లో తీసేసినా అక్కడ మిగిలిపోవచ్చు. స్కానరుతో కలిసి వచ్చే ప్రింటర్లలో కాపీ తీయడానికి నలుపుకొక బటన్, రంగుకొక బటన్ ఉంటాయి. హడావుడిలో పక్కది నొక్కేయడం మామూలే. హెచ్‌పీ డెస్క్‌జెట్ లాంటి కొన్ని మోడళ్లయితే రంగుల కార్ట్రిడ్జ్ తీసేసినప్పుడు నల్ల కార్ట్రిడ్జ్ ఒక్కదానితోనే పని నడిపిస్తాయి. అప్పుడు కూడా పేజీ నలుపులోనే వస్తుంది.

సెట్టింగులు సరిగా ఉన్నాయనుకున్నాక తీయాల్సింది నాజిల్ చెక్. చాలా మోడళ్లలో కంప్యూటరుతో పని లేకుండా ప్రింటరు మీది బటన్లతోనే ఇది తీయొచ్చు. నాలుగు రంగుల్లో సన్నని గీతలు, మెట్లు, గళ్లు ఉన్న పేజీ వస్తుంది. ఒక రంగులో గీతలు అక్కడక్కడా తెగితే హెడ్ మీది కొన్ని రంధ్రాలు, అంటే నాజిళ్లు, మూసుకుపోయాయి. ఒక రంగు మొత్తానికే లేకపోతే ఆ ఇంకు హెడ్ దాకా చేరడం లేదు, లేదా ఆ రంగు వరుస అంతా పూడిపోయింది. నాలుగు రంగులూ పూర్తిగా వచ్చాయంటే ప్రింటరులో దోషం లేదు, సమస్య కంప్యూటరులో ఉంది. ఇక హెడ్ క్లీనింగ్ జోలికే పోనక్కర్లేదు. ఈ ఒక్క కాగితాన్ని చదవడం వస్తే చాలా ఇళ్లలో, షాపుల్లో ఇంకూ డబ్బూ మిగులుతాయి.

ఆ రంధ్రాలు ఎంత చిన్నవంటే వెంట్రుక మందం కూడా ఉండవు. వాటి నుంచి దూకే చుక్క కొన్ని పికోలీటర్లు మాత్రమే. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక పికోలీటరు. చుక్కను తోసే పద్ధతులు రెండు. 1977లో క్యానన్ పరిశోధనశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలి ఇంకు బయటికి చిమ్మింది. వేడికి పుట్టిన బుడగ ఇంకును తోస్తుందన్న ఆ గమనింపే క్యానన్ బబుల్ జెట్ పద్ధతికి దారితీసింది. హెచ్‌పీది కూడా వేడి పద్ధతే, 1984లో థింక్‌జెట్‌తో మార్కెట్లోకి వచ్చింది. ఎప్సన్ వాడేది పీజో స్ఫటికం. కరెంటు తగలగానే అది వంగి ఇంకును నెడుతుంది, వేడితో పని లేదు. ఇంటి ప్రింటరు ఏ రకమో తెలుసుకోవడం అవసరం. వేడి హెడ్‌కు ఇంకే చల్లదనం, ఖాళీ ట్యాంకుతో నడిపిస్తూ పోతే హెడ్ కాలిపోవచ్చు.

హెడ్ క్లీనింగ్ అంటే లోపల ఏం జరుగుతుంది? ప్రింటరు నాజిళ్ల నుంచి ఇంకును బలంగా బయటికి లాగుతుంది. ఆ ఇంకంతా అడుగున ఉన్న స్పాంజి ప్యాడ్‌లోకి పోతుంది. ప్యాడ్‌కు ఒక హద్దుంది. అది నిండిందని లెక్క తేలితే ప్రింటరు ఏకంగా పనే ఆపేస్తుంది. అందుకే ఒకసారి క్లీనింగ్, వెంటనే నాజిల్ చెక్, అవసరమైతే మళ్లీ అదే వరుసలో వెళ్లాలి. మూడుసార్లకూ మారకపోతే ఆపేసి కనీసం 12 గంటలు వదిలేయమని ఎప్సన్ ఎన్నో మోడళ్ల మాన్యువళ్లలో చెబుతుంది. డీప్ క్లీనింగ్ తర్వాత కూడా రంగు రాకపోతే 24 గంటలు ఆగమంటుంది క్యానన్. ఆ వ్యవధిలో గడ్డకట్టిన ఇంకు నానుతుంది, గొట్టాల్లోని గాలి బుడగలు సర్దుకుంటాయి. ఈ ఓపిక లేకే ఎన్నో ప్రింటర్లు అనవసరంగా రిపేరుకు వెళ్తున్నాయి.

ఇంకు ట్యాంకు ప్రింటర్లలో తొలి అనుమానం గాలి మీదే ఉండాలి. ట్యాంకు మీద కింది గీత దాటి ఇంకు తగ్గినా, పేజీలు వస్తున్నాయి కదా అని నడిపిస్తుంటారు. గొట్టంలోకి గాలి దూరాక ట్యాంకు నింపినా ఆ రంగు వెంటనే రాదు. ఇల్లు మారినప్పుడు ఇంకు ఒలకకుండా మూసే చిన్న వాల్వు కూడా కొన్ని మోడళ్లలో ఉంటుంది. దాన్ని తిరిగి తెరవడం మరిచిపోతే ట్యాంకు నిండుగా ఉన్నా కాగితం వెలవెలబోతుంది.

కార్ట్రిడ్జ్ మోడళ్ల సంగతి కాస్త సులువు. హెచ్‌పీ 803, క్యానన్ సీఎల్-746 లాంటి వాటిలో నాజిళ్లు కార్ట్రిడ్జ్ మీదే ఉంటాయి. కొత్తది పెడితే హెడ్ కూడా కొత్తదే. మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉండటంతో ఒకటి అయిపోయినా మొత్తం మార్చాల్సి రావడం మాత్రం బాధాకరమే. కొత్తది పెట్టగానే రంగు రాకపోతే నాజిళ్ల మీది టేపు పూర్తిగా ఊడిందో లేదో చూడాలి. పాతదయితే నూలు రాలని గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి నాజిళ్లకు మెల్లగా అద్దితే గట్టిపడిన ఇంకు కరుగుతుంది.

మన ఎండలు ఈ యంత్రాలకు పడవు. వేసవి సెలవుల్లో నెలన్నర మూలన పడి ఉన్న ప్రింటరు జూన్‌లో రంగు ఇవ్వకపోవడం వింతేమీ కాదు. వారానికి ఒక రంగుల పేజీ తీస్తే చాలావరకు ఆ బాధ ఉండదు. స్విచ్‌బోర్డు దగ్గర కట్టేయకుండా ప్రింటరు బటన్‌తోనే ఆపడం కూడా ముఖ్యం. అప్పుడే హెడ్ తన చోటికి వెళ్లి రబ్బరు మూత కింద కూర్చుంటుంది. ప్రింటు మధ్యలో కరెంటు పోతే హెడ్ బయటే ఉండి ఎండిపోతుంది, కరెంటు రాగానే ఒకసారి ఆన్ చేసి బటన్‌తో ఆపాలి.

ఇవన్నీ చూశాక కూడా రంగు రాకపోతే సర్వీసు సెంటరుకు వెళ్లేటప్పుడు క్లీనింగుకు ముందు తీసిన నాజిల్ చెక్ కాగితాన్ని, తర్వాత తీసినదాన్ని వెంట తీసుకెళ్లాలి. రెండింటిలో తెగిన గీతలు ఒకే చోట ఉంటే నాజిల్ పూడినట్టు, చోటు మారుతుంటే గాలి బుడగ. హెడ్ మార్చక తప్పదని మెకానిక్ చెబితే ధర అడగాలి. క్యానన్ జీ సిరీస్‌లో నలుపుకొకటి, రంగులకొకటి విడి హెడ్లు దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఎప్సన్‌లో హెడ్ యంత్రంలోనే బిగించి ఉంటుంది కాబట్టి ఆ ఖర్చును కొత్త ప్రింటరు ధరతో పోల్చి చూశాకే సరే అనాలి.