శాసనసభా ద్వారమున వారపత్రికలవారు, వర్తక పత్రికలవారు

దినపత్రిక చదువు అలవాటుగల ప్రతివారును పార్లమెంటు వార్తలు చదువుదురు. ఆ వార్తలను వ్రాసి పంపువారెవరు, వారికి సభలో ఆసనమిచ్చు అధికారమెవరిది, ఏ పత్రికవానికి లోపల స్థానము లభించును, ఏ పత్రికవాడు వాకిట నిలువవలసివచ్చును అను ప్రశ్నలు మాత్రము చాలమందికి తోచవు. ఆ ప్రశ్నలను, ముఖ్యముగా వార, పక్ష, మాస పత్రికల విలేఖరులకును, ఒక్కొక్క వృత్తికి లేక వర్తకమునకు చెందిన పత్రికల విలేఖరులకును సంబంధించినంతవరకు, ఈ వ్యాసమున వివరింపదలచితిని.

ఇది ఢిల్లీవారి గొడవ, పెరియకుళము తెలుగువారికేల యని కొందరు శంకింపవచ్చును. మన ప్రాంతమునుండియే రెండు ఉదాహరణములు చూపెదను. మనకు పడమటి కొండలమీద పండు ఏలకులు బోడినాయకనూరిలో వేలమగును. ఆ పంటను, ఆ వ్యాపారమును క్రమపరచుటకై పార్లమెంటు 1965లో ఏలకుల చట్టమును చేసెను. మరుసటి యేట ఏలకుల బోర్డు ఏర్పడెను. 1986 నాటి చట్టముచేత దాని స్థానమున సుగంధద్రవ్యముల బోర్డు వచ్చెను. ఇట్టి చట్టములలోని ఒక్కొక్క నిబంధనయు తోటదారునకును, వేలము నడపువానికిని, దళారికిని లాభనష్టములు తెచ్చునట్టిది. పెద్ద దినపత్రికకు అది నాలుగు పంక్తుల వార్త. ఏలకుల వర్తకునికి అదియే ఆ సంవత్సరపు వార్త.

రెండవ ఉదాహరణము భాష. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన 350-బి అధికరణము ప్రకారము భాషాల్పసంఖ్యాకులకై ప్రత్యేకాధికారి యొకరు నియమింపబడవలెను. ఆయన నివేదికలను రాష్ట్రపతి పార్లమెంటు ఉభయసభల ముందుంచవలెను. ఆ కమిషనరు కార్యాలయము 1957లో ఏర్పడినది. తెలుగు పిల్లలకు మాతృభాషలో చదువు, తెలుగు ఉపాధ్యాయుల నియామకము, పాఠ్యపుస్తకముల సరఫరా ఇవన్నియు ఆ నివేదికలలో చేరదగిన విషయములే. నివేదికను సభలో బల్లపై ఉంచిన దినమున, గ్యాలరీలో కూర్చున్న విలేఖరులలో దానిని విప్పి చూచువాడెవడు? ఆనాడే ఏ మంత్రి రాజీనామాయో, ఏ గందరగోళమో జరిగియుండిన యెడల దినపత్రిక విలేఖరి దృష్టి అటే పోవును. అది అతని తప్పు కాదు. సాయంకాలములోగా వార్త పంపవలసినవానికి వేయి పుటల నివేదిక చదువుటకు తీరికెక్కడిది? వారమునకొకమారు వ్రాయువానికి ఆ తీరిక కలదు. కాని వానికి ఆసనము దొరకుట కష్టము.

మన పార్లమెంటులో విలేఖరుల గ్యాలరీ ప్రవేశము హక్కు కాదు. లోక్‌సభలో స్పీకరును, రాజ్యసభలో చైర్మనును ఇచ్చు అనుమతి యది. పత్రికలవారినుండియే ఏర్పరచిన సలహా సంఘము దరఖాస్తులను పరిశీలించి సిఫారసు చేయుట ఆచారముగా వచ్చినది. ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయమువారు విలేఖరులకిచ్చు గుర్తింపు వేరు, సభవారిచ్చు గ్యాలరీ అనుమతి వేరు. మొదటిది చేతనుండినంత మాత్రమున రెండవది రాదు. అనుమతి లేనివాడు సామాన్య ప్రేక్షకుడుగా సందర్శకుల గ్యాలరీకి పోవచ్చును గదా యందురేమో. పోవచ్చును, కాని అచ్చట కూర్చున్నవాడు ఏదియు వ్రాసికొనరాదు. కాగితము, కలము చేతబట్టు స్వేచ్ఛయే విలేఖరుల గ్యాలరీకిని సందర్శకుల గ్యాలరీకిని గల ముఖ్యభేదము.

ఈ భేదము ఎంత పాతదో తెలిసికొనుటకు ఇంగ్లాండు చరిత్రను కొంచెము చూడవలెను. పార్లమెంటు చర్చలను ప్రజలకు అందించిన మొదటివారిలో దినపత్రికలవారికంటె మాసపత్రికలవారే ముందున్నారు. ఎడ్వర్డు కేవ్ అను ముద్రాపకుడు 1731లో లండనునుండి జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అను మాసపత్రికను ప్రారంభించి, అందు పార్లమెంటు చర్చల సారాంశము ప్రకటించుచుండెను. 1738లో కామన్స్ సభవారు, సభ జరుగు కాలమునందే గాక విరామకాలమునందును చర్చలను ప్రకటించుట నేరమని తీర్మానించిరి. కేవ్ వెనుదీయలేదు. స్విఫ్టు రచించిన కథలోని మరుగుజ్జుల దేశమగు లిల్లీపుట్టు సభలో జరిగిన చర్చలని పేరుపెట్టి, ఇంగ్లాండు సభ్యుల ప్రసంగములనే అచ్చువేసెను. ప్రధానమంత్రి వాల్‌పోల్ పేరు వాలెలోప్ అయ్యెను. చదువరులెవ్వరును మోసపోలేదు, మోసపోవలెనని ఎవరికిని ఉద్దేశము లేదు. 1741 మొదలు 1744 వరకు ఆ చర్చలను వ్రాసినవాడు తరువాత నిఘంటుకర్తగా ప్రసిద్ధికెక్కిన శామ్యూల్ జాన్సను. ఆయన సభాభవనమున కూర్చుండి వ్రాసినవాడు కాడు. కేవ్ పంపిన మనుష్యులు గ్యాలరీలో విని, వక్తల పేర్లను, వాదముల క్రమమును జ్ఞాపకముంచుకొని వచ్చి చెప్పగా, ఆయన తన గదిలో ఆ ప్రసంగములను అల్లెను. అవి వినసొంపుగా ఉండెను గాని, వక్తలు నిజముగా పలికిన మాటలు కావు. చూచి వ్రాసికొను అనుమతి నిరాకరించిన సభకు లభించు ఫలము ఇట్లే యుండునని నా అభిప్రాయము. 1747లో, ఒక ప్రభువు విచారణను ప్రకటించిన నేరమునకై ప్రభువుల సభవారు కేవ్‌ను పిలిపించి మందలించిరి. 1771లో కామన్స్ సభకును ముద్రాపకులకును ఘర్షణ జరిగి, ముద్రాపకుల పక్షమువహించిన లండను మేయరు బ్రాస్ క్రాస్బీ చెరసాలకు పోయెను. ఆ తరువాత చర్చల ప్రకటనను ఆపుటకు సభ గట్టిగా పూనుకొనలేదు. 1803లో విలేఖరులకు గ్యాలరీ వెనుక వరుసలో స్థానమేర్పడెను. అప్పటికి దినపత్రికలు బలిసినవి. దారి తీసిన మాసపత్రికలు వెనుకబడినవి.

అమెరికాలో ఈ వెనుకబాటు నిబంధన రూపమునే దాల్చినది. పందొమ్మిదవ శతాబ్ది చివర, తంతి ద్వారా దినపత్రికలకు వార్తలు పంపువారికే కాంగ్రెసు గ్యాలరీ అని నియమము ఏర్పడెను. దానిని అమలుజరుపువారు విలేఖరులు తమలో ఎన్నుకొనిన సంఘమువారే. వర్తక ప్రయోజనములకై సభ్యులచుట్టు తిరుగువారిని వెలుపల నుంచుట ఆ నియమపు ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని నల్లజాతివారి పత్రికలు ఎక్కువగా వారపత్రికలగుటచే, వారి విలేఖరులందరును ఈ ఒక్క మాటచేతనే బయటపడిరి. జాతి పేరెత్తవలసిన అవసరమే లేకపోయెను. 1941లో వార, మాస పత్రికలకై కాంగ్రెసులో ప్రత్యేక గ్యాలరీ ఏర్పడినది. 1947లో పెర్సివల్ ప్రాటిస్ అను నల్లజాతి విలేఖరి ఒక మాసపత్రిక పక్షమున అందు ప్రవేశించెను. ఆ సంవత్సరమే లూయీ లాటియరు అను మరియొకరిని దినపత్రికల గ్యాలరీ సంఘమువారు, ప్రధానముగా వారపత్రికలకు పనిచేయువాడని తిరస్కరింపగా, సెనేటు నియమావళి సంఘము ఆ తీర్పును త్రోసివేసి ఆయనకు స్థానమిప్పించెను.

ఆ ప్రత్యేక గ్యాలరీ నియమములను మనవారు శ్రద్ధగా చూడవలెను. సాధారణ వార్తలేగాక ఆర్థిక, పారిశ్రామిక, సాంకేతిక, సాంస్కృతిక, వర్తక విషయములను ప్రకటించు పత్రికలకును అందు స్థానము కలదు. అయితే ఆ పత్రిక ఏ ప్రభుత్వమునకును, పరిశ్రమకును, సంస్థకును, సంఘమునకును చెందనిదై స్వతంత్రముగా నడువవలెను. కన్స్యూమర్ రిపోర్ట్స్ అను మాసపత్రిక కొనుగోలుదారుల సంఘము నడపునది, ప్రకటనలు వేసికొనదు. ఆ సంఘము కొనుగోలుదారుల పక్షమున వాదించునది గనుక స్వతంత్ర పత్రిక కాదని గ్యాలరీ సంఘమువారు దానికి ప్రవేశము నిరాకరించిరి. 1973లో జిల్లా న్యాయస్థానము పత్రిక పక్షమున తీర్పు చెప్పెను. 1975లో పై న్యాయస్థానము, ఇది కాంగ్రెసు తన సభలను తాను నడుపుకొను విషయమనియు, అందు న్యాయస్థానములు కలుగజేసికొనరాదనియు ఆ తీర్పును కొట్టివేసెను. వర్తకుల ప్రకటనలపై బ్రతుకు పత్రిక స్వతంత్రము, ప్రకటనలే ముట్టని పత్రిక అస్వతంత్రము అయినది. ఆ నియమమే మనకు వర్తించిన యెడల, కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో మన సంఘములు నడపు ఏ పత్రికకును ఏ సభలోను బల్ల చివర పీటైనను దొరకదు.

మన దేశమున గ్యాలరీ సంగతి ఎట్లున్నను, చట్టము వారపత్రికను చిన్నచూపు చూడలేదు. 1956లో ఫిరోజ్ గాంధీ ప్రతిపాదనపై పార్లమెంటు కార్యకలాపముల ప్రచురణ రక్షణ చట్టము వచ్చెను. సభాకార్యక్రమములను సారాంశమున యథార్థముగా, దురుద్దేశము లేక, ప్రజాహితముకొరకు ప్రకటించిన పత్రికపై న్యాయస్థానములలో వ్యాజ్యము చెల్లదని దాని తాత్పర్యము. వార్తాపత్రిక యనగా, ప్రజావార్తలనుగాని వానిపై వ్యాఖ్యలనుగాని కలిగి, నియతకాలమున ముద్రితమగు ఏ ప్రచురణయైనను అగునని అందు నిర్వచించిరి. దినము, వారము అను భేదము లేదు. అత్యవసర పరిస్థితి కాలమున ఈ చట్టము రద్దయ్యెను. 1977లో మరల వచ్చెను. 1978 నాటి 44వ సవరణచే 361-ఎ అధికరణము చేరి, ఈ రక్షణ రాష్ట్ర శాసనసభల వార్తలకును రాజ్యాంగమునందే స్థిరపడినది.

ఈ రక్షణ న్యాయస్థానములనుండియే. సభ తానే దండింపదలచినప్పుడు ఇది అడ్డురాదు. 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి, ఈనాడు పత్రికలో వచ్చిన “పెద్దల సభలో గలభా” అను శీర్షికను తన హక్కులకు భంగముగా భావించినది. మరుసటి యేడు సుప్రీముకోర్టు కలుగజేసికొని సంపాదకుని అరెస్టును ఆపినది. మనకు మరింత దగ్గరి ఉదాహరణ ఒక వారపత్రికదే. 1987లో ఆనంద వికటన్ ముఖపత్రముపై శాసనసభ్యులను, మంత్రులను పరిహసించు వ్యంగ్యచిత్రమొకటి అచ్చయినది. తమిళనాడు శాసనసభవారు సంపాదకుడు బాలసుబ్రహ్మణ్యముగారికి మూడు నెలల కారాగారశిక్ష విధించిరి. ప్రజలలో గగ్గోలు పుట్టగా రెండు మూడు దినములలో విడిచిపెట్టిరి. 1994లో మద్రాసు హైకోర్టు ఆ నిర్బంధము చెల్లదని తీర్పు చెప్పి, వేయి రూపాయల పరిహారమిప్పించెను. గ్యాలరీలో ఆసనము సంపాదించుటకు కష్టపడు వారపత్రికకు, శిక్షకు మాత్రము ముందు వరుసలోనే చోటు దొరకినది.

వారపత్రికల బలమును తెలుగువారు ఎరుగనివారు కారు. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగానే పుట్టి, 1914లో మదరాసులో దినపత్రిక అయినది. నెల్లూరుసీమకు చెందిన ఖాసా సుబ్బారావుగారు మదరాసునుండి ‘స్వతంత్ర’ వారపత్రికను, 1956లో ‘స్వరాజ్య’ను ఆంగ్లమున స్థాపించి, చట్టసభల రాజకీయములను దినపత్రికలకు మించిన నిర్భీతితో విమర్శించిరి. వర్తక పత్రికల విషయమున కలకత్తా ‘క్యాపిటల్’, బొంబాయి ‘కామర్స్’, ఢిల్లీ ‘ఈస్టరన్ ఎకనమిస్టు’ అను వారపత్రికలు తమ కాలమున పన్నుల చట్టములను, మిల్లుల చట్టములను విప్పి చెప్పినవి. కోయంబత్తూరి నూలుమిల్లుల యజమానులు, అందు పెక్కురు మనవారే, అట్టి పత్రికల విలువ నెరిగినవారు. ‘ఈస్టరన్ ఎకనమిస్టు’ బిర్లా వర్గమువారిది. వాషింగ్టను నియమము ఇచ్చట ఉండియుండిన యెడల దానికి చిక్కే వచ్చియుండును.

2020లో కోవిడ్ వ్యాధి కారణమున మన పార్లమెంటు గ్యాలరీ ప్రవేశము మిక్కిలి కుదింపబడి, చీటీలు తీసి విలేఖరులను ఎన్నుకొను స్థితి వచ్చినది. 2021 డిసెంబరులో ఢిల్లీ విలేఖరులు వీధికెక్కి నిరసన తెలిపిరి. చోటు తగ్గినప్పుడు మొదట తగ్గువాడు చిన్న పత్రికవాడే. మరియొకవైపు, సభలో పలికిన మాటలును, బల్లపై ఉంచిన పత్రములును నేడు ఎవరైనను ఇంటినుండి చదువవచ్చును. 2021నుండి సంసద్ టీవీలో చర్చలను చూడవచ్చును. భాషాల్పసంఖ్యాకుల కమిషనరు నివేదికను చదువుటకు పెరియకుళము ఉపాధ్యాయునికి ఏ అనుమతి పత్రమును అక్కరలేదు. చర్చ ముగిసి వెలుపలికి వచ్చు సభ్యుని నిలిపి, “మా పాఠశాలల మాట ఎందుకెత్తలేదు?” అని అడుగుటకు మాత్రము మనిషి అచ్చట ఉండవలెను. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము మదరాసు శాసనసభలో వచ్చినప్పుడు ఆ ప్రశ్న అడుగదగిన తెలుగు వారపత్రిక విలేఖరి యెవరైనను ఆ నడవలో ఉండిన యెడల, దాని ఫలము పదవ తరగతి పరీక్షను తాకిన పదియేండ్ల తరువాత గాక, ఆనాడే మన తల్లిదండ్రులకు విషయము తెలిసియుండును.

ఇక ఒక్క సందేహము మిగిలినది. మన సంఘమువారు మూడునెలలకొకటియైనను క్రమముగా పత్రిక వెలువరించి, అందు పార్లమెంటు చర్చలను యథార్థముగా ప్రకటించిన యెడల 1977 నాటి చట్టపు రక్షణ దానికి కలుగును. కొన్ని యేండ్లకొకమారు వెలువడు ఇట్టి ప్రత్యేక సంచిక నియతకాలిక ప్రచురణ కాదు గనుక, దీనికి ఆ రక్షణ వర్తింపదనియే తోచుచున్నది.