కాలేజీ లెక్కల్లో మనవాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారు?

ఎస్సీ విద్యార్థులు ఎంతమంది చేరారో ప్రతి కాలేజీ లెక్క రాస్తుంది. వాళ్ళలో ఎంతమంది పట్టాతో బయటికొచ్చారు, మిగిలినవాళ్ళు ఏ సెమిస్టర్‌లో, ఎందుకు మానేశారు అన్నదే మనకు తెలియాలి.

అమెరికా యూనివర్సిటీల్లో ఈ లెక్కలు తీయడం ఒక వృత్తి. దాన్ని ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్ అంటారు. ఆ పని చేసేవాళ్ళు 1960లలోనే సొంత సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర అందులో కొంత పని కాలేజీలోని ఐక్యూఏసీ చేస్తుంది. న్యాక్ గ్రేడు కోసం, ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు కోసం, కేంద్రం ఏటా జరిపే 'ఐషే' సర్వే కోసం లెక్కలు పైకి వెళ్తాయి. ఆ లెక్కలను విద్యార్థుల ముందు పెట్టి చర్చించే అలవాటు మాత్రం లేదు.

2021-22 ఐషే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో ఎస్సీలు సుమారు 66 లక్షలు. ఇది చేరినవాళ్ళ సంఖ్య. స్కాలర్‌షిప్ ఆలస్యమై, ఫీజు కట్టలేక, హాస్టల్ సీటు దొరక్క చదువు ఆపేసినవాళ్ళ కథ ఇందులో కనబడదు. పైగా 'ఎస్సీ' అనే ఒక్క గడిలో మాల, మాదిగ, రెల్లి అందరూ కలిసిపోతారు. 2025లో రాష్ట్రం ఎస్సీ వర్గీకరణ అమల్లోకి తెచ్చింది. దానిపై మనలో ఎవరి అభిప్రాయం ఏదైనా, ఉపకులాల వారీ లెక్క లేకుండా న్యాయంగా మాట్లాడుకోలేం.

లెక్కలతో వాదించడం మనకు అంబేడ్కర్ నేర్పిన దారి. 1928లో సైమన్ కమిషన్ ముందు ఆయన బొంబాయి ప్రెసిడెన్సీలో ఏ వర్గం చదువులో ఎక్కడుందో అంకెలతో చూపించారు.

ఆ పని ఇప్పుడు మనం చేయాలి. రాజమండ్రి ప్రభుత్వ కాలేజీ అయినా, ఆదికవి నన్నయ యూనివర్సిటీ అయినా సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. దరఖాస్తు తెలుగులో రాయొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు చేయాలి. ప్రైవేటు కాలేజీ వివరాలైతే, యూనివర్సిటీ చట్టప్రకారం తెప్పించుకోగలిగినంత వరకు యూనివర్సిటీనే అడగొచ్చు.

అడగాల్సినవి నాలుగు: గత ఐదేళ్ళలో కోర్సుల వారీగా చేరిన, మానేసిన, పాసైన ఎస్సీ విద్యార్థుల సంఖ్య, అందులో ఆడపిల్లలు ఎందరు, ఉపకులాల వారీ వివరం, 2012 యూజీసీ నిబంధనల ప్రకారం వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఎవరు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి. పేర్లు అడగొద్దు, సంఖ్యలు చాలు. మానేసిన విద్యార్థి గుట్టు బయటపడకూడదు.

ఒక్క కాలేజీ జవాబును ఆ కాలేజీ సొంత వ్యవహారమని పక్కన పెట్టేస్తారు. భీమవరం, అమలాపురం, కాకినాడ, రాజమండ్రి విద్యార్థి సంఘాలు ఒకే ప్రశ్నలు వేసి జవాబులు పక్కపక్కన పెడితే, మనవాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారో అందరికీ కనబడుతుంది. అప్పుడు ఫీజు గడువు గురించో, హాస్టల్ గురించో ఏం డిమాండ్ చేయాలో మనకు స్పష్టంగా తెలుస్తుంది.