ఒకే కట్టె... రెండు లెక్కలు

కట్టె, పిడక, ఊక వంటి జీవ ఇంధనం వాడకంలో దేశం కన్నా తెలంగాణ వంటిల్లు వెనకబడింది. అది మంచికే! యూరప్ కన్నా స్వీడన్ ముందుంది. అదీ మంచికే! ఈ చిక్కుముడి విప్పాలంటే వరంగల్ పల్లెల్లోని పొయ్యిల దగ్గరికి వెళ్లాలి.

పత్తి ఏరడం ముగిశాక వరంగల్ చుట్టుపక్కల పొద్దుగూకే వేళ రెండు చోట్ల పొగ లేస్తుంది. ఒకటి చేలో. కట్టె పీకి, కుప్పేసి, అంటుపెడతారు. ఆ వేడి ఎవరికీ అక్కరకు రాదు. రెండోది ఉప్పుడు బియ్యం మిల్లు గొట్టంలోంచి. క్వింటా వడ్లు ఆడిస్తే ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. ఆ ఊకతోనే బాయిలర్‌లో ఆవిరి పుట్టించి, తర్వాతి వడ్లు ఉడకబెడతారు. వడ్ల ఖర్చు వడ్లే పెట్టుకుంటాయన్నమాట.

ఒకప్పుడు మూడో పొగ కూడా ఉండేది, ఇంటింటి వంట పొయ్యిది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ‘దీపం’, 2016లో కేంద్రం తెచ్చిన ‘ఉజ్వల’ పథకాలు పల్లెకు గ్యాస్‌బండను చేర్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 91.8 శాతం ఇళ్లలో వంటకు శుభ్రమైన ఇంధనమే వాడేవారు. దేశం మొత్తమ్మీద అది 58.6 శాతమే. అంటే అప్పటికి దేశంలో పదింట నాలుగు ఇళ్లు ఇంకా కట్టెల మోపునో పిడకలనో నమ్ముకున్నాయి.

గ్యాస్‌కూ కట్టెకూ తేడా మోపు మోసిన తలకే తెలుస్తుంది. మామూలు పొయ్యిలో పది పాళ్ల వేడి పుడితే గిన్నెకు చేరేది ఒకటో ఒకటిన్నరో. మిగతాది గాలికి, పొగ కళ్లకు, ఊపిరితిత్తులకు. ఆ లెక్కన 14.2 కిలోల గ్యాస్‌బండ చేసే పని కట్టెలతో చేయాలంటే సుమారు రెండు క్వింటాళ్లు కావాలి.

అయితే కట్టెను తప్పుపట్టలేం, తప్పు కాల్చే తీరుదే. సర్వే లెక్కలో గోబర్ గ్యాస్ కూడా శుభ్రమైన ఇంధనమే. పేడను పిడక చేస్తే పొగ, గ్యాస్ చేస్తే నీలిమంట. ఇంకో సంగతి, సర్వే అడిగేది ‘ప్రధానంగా’ దేంతో వండుతారనే. పెరట్లో స్నానానికి నీళ్లు కాగే మూడు రాళ్ల పొయ్యి ఆ లెక్కలోకి రాదు.

స్వీడన్ కథ దీనికి తిరగేసినట్టుంటుంది. 1991లోనే అక్కడ కర్బన పన్ను వేశారు. బొగ్గు, చమురు ప్రియమయ్యాయి. రంపపు పొట్టు, అడవిలో మిగిలిన కొమ్మారెమ్మా చవకయ్యాయి. వాటిని ఊరికో పెద్ద బాయిలర్‌లో కాల్చి, వేడినీటిని గొట్టాల ద్వారా ఇళ్లకు పంపుతారు. అదీ మన మిల్లు బాయిలర్ పద్ధతే, ఊరంత పెద్దది!

అందుకే శాతాలు పక్కపక్కన పెట్టి ‘ఎవరు ఎక్కువ’ అని అడిగితే తప్పుదారి పడతాం. తగలబెట్టినదాంట్లో పనికొచ్చిందెంత అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న మన పత్తి చేనుకూ వర్తిస్తుంది. ఉమ్మడి వరంగల్‌లోని చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం బొగ్గుతో నడుస్తోంది. ఇలాంటి కేంద్రాలు బొగ్గులో 5 శాతం జీవ ఇంధన గుళికలు కలపాలని కేంద్రం 2021లో విధానం తెచ్చింది. కానీ ఆ గుళికల కోసం పంపుదామంటే పత్తి కట్టెతో ట్రాక్టర్ నిండుతుంది, తూకానికి తేలిపోతుంది. కూలీకి, కిరాయికి పోను రైతుకు మిగిలేదేమిటి? ఆ లెక్క కుదిరేదాకా చేను గట్టున అగ్గిపెట్టే గెలుస్తుంది.