షిప్‌యార్డు నుంచి వెండితెర దాకా... మన వంగపండు!

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ పాట వినని సినిమా అభిమాని తెలుగునాట ఉంటాడా? మరి ఆ పాట కట్టిన మనిషి ఎవరని అడిగి చూడండి... చాలామంది బుర్ర గోక్కుంటారు! పాట ఊరూరా తిరిగితే, పాట కట్టినవాడు ఊళ్లోనే ఉండిపోవడం మన దగ్గర కొత్తేం కాదు. అందుకే ఈ వారం వంగపండు ప్రసాదరావు గారి ముచ్చట చెప్పుకుందాం.

ఆయన పుట్టింది 1943 జూన్‌లో, పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో. బతుకుతెరువు ఆయన్ను మా విశాఖపట్నం తెచ్చింది. ఇక్కడి హిందూస్థాన్ షిప్‌యార్డులో ఆయన కార్మికుడు. ఆ షిప్‌యార్డు సామాన్యమైంది కాదు సుమా! స్వతంత్రం వచ్చాక తయారైన తొలి పెద్ద ఓడ ‘జల ఉష’ 1948లో అక్కడి నుంచే నీళ్లలోకి దిగింది. సాక్షాత్తూ నెహ్రూ గారే వచ్చి దాన్ని సాగనంపారు. అలాంటి చోట పగలంతా ఇనుము మోత మధ్య పనిచేసిన మనిషి, పాటకు సరుకు వేరే వెతుక్కోవాలా చెప్పండి! యంత్రం ఎలా నడుస్తోందో చెబుతూ కార్మికుడి వైపు వేలు చూపించే పాట ఒకటుంది ఆయనది. సింధియా వైపు వెళ్లినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

శ్రీకాకుళం రైతాంగ పోరాటం ఆయన పాటకు దారి చూపించింది. 1972లో గద్దర్, బి. నర్సింగరావులతో కలిసి జన నాట్యమండలికి ప్రాణం పోశారు. అవును, తర్వాత ‘మా భూమి’ తీసిన ఆ నర్సింగరావు గారే! వంగపండు మాత్రం కాలికి గజ్జె కట్టి ఊరూరా ఆడారు, పాడారు. ‘భూమి భాగోతం’ రాశారు. మూడు వందలకు పైగా పాటలు కట్టారు. ఆయన రాజకీయాలు గిట్టనివాళ్లు కూడా ఆ పాట చెవిన పడితే రెండు నిమిషాలు ఆగి, విని కదిలేవాళ్లు. అదీ ఆ గొంతు మహిమ!

ఇక సినిమా సంగతి. 1986లో ఆర్. నారాయణమూర్తి తొలిసారి దర్శకత్వం వహించిన ‘అర్ధరాత్రి స్వాతంత్ర్యం’తో వంగపండు వెండితెర మీదికొచ్చారు. మన ‘ఏం పిల్లడో’ ఆ చిత్రంలోదే. వినడానికి సరసంగా, ఓ పిల్ల పిల్లాణ్ణి పిలిచినట్టే ఉంటుంది. కానీ పిలిచేది షికారుకి కాదు... శ్రీకాకుళం కొండల్లోకి, పోరాటానికి!

ఇక్కడ నా గోడు కాస్త చెప్పుకోనివ్వండి. మా ఉత్తరాంధ్ర వాళ్లం ‘వెళ్దాం’ అనం, ‘ఎల్దాం’ అంటాం. ‘ఏమిటి’ అనం, ‘ఏటి’ అంటాం. ఆ రోజుల్లో సినిమాల్లో ఈ యాస ఎవరికిచ్చేవారు? హీరోకా? రామ రామ! ఇంట్లో పనివాడికో, నవ్వులు పూయించే పాత్రకో! నేను చదువుకోసం వేరే జిల్లాకి వెళితే, నోరు తెరిస్తే చాలు, హాస్టల్లో కుర్రాళ్లు పగలబడి నవ్వేవారు. ‘ఏటి బాబూ’ అని నన్నే అనుకరించేవారు. నాలుగు నెలలు తిరిగేసరికి మాట్లాడ్డమే తగ్గించేశాను.

అలాంటప్పుడు వచ్చింది ఈ పాట. నన్ను ఎగతాళి చేసిన నోళ్లే ‘ఎల్దమొస్తవా’ అంటూ వరండాలో చిందులేశాయి! నవ్వుతూ కాదు, హుషారుగా... ‘వెళ్దాం’ అని దిద్దడానికి ఒక్కడికీ మనసొప్పలేదు. దిద్దితే పాట పోతుంది కదా మరి! ఆ రోజు నుంచి నా మాట నాకు తిరిగొచ్చింది. వంగపండు గారు నాకేమీ చుట్టం కాదు. అయినా ఆయనకు బాకీ ఉన్నాననే అనుకుంటాను.

2009లో ‘మగధీర’లో ఆ పల్లవి మళ్లీ వినబడింది. హాల్లో కుర్రకారు ఈలలు! వాళ్లలో ఎందరికి ఆ షిప్‌యార్డు కార్మికుడి పేరు తెలుసంటారు?

2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయనకు ‘కళారత్న’ ఇచ్చింది. 2020 ఆగస్టు 4న, కరోనా రోజుల్లో, పార్వతీపురంలో గుండెపోటుతో కన్నుమూశారు. మూడేళ్లకు అదే ఆగస్టులో, 6వ తేదీన, ఆయన జోడీ గద్దర్ కూడా వెళ్లిపోయారు.

యాస మార్చుకుంటేనే పైకొస్తామని ఇప్పటికీ మా వైపు కుర్రాళ్లకి ఎవరో ఒకరు హితబోధ చేస్తూనే ఉంటారు. అలాంటివాళ్లకు ఈ పాట వినిపించండి తమ్ముళ్లూ, చెల్లాయిలూ! పాట అయ్యాక, కట్టినాయన పేరు కూడా చెప్పండి. వంగపండు... ఏటి, మర్చిపోరు కదా?