ల్యాప్‌టాప్‌పై ద్రవం ఒలకడం

ల్యాప్‌టాప్‌పై నీరు, టీ, కాఫీ, శీతల పానీయాలు ఒలికి లోపలి విద్యుత్ వలయాలకు చేరడం ఈ యంత్రాలకు తరచుగా కలిగే ప్రమాదాలలో ఒకటి. ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు, బ్యాటరీ కీబోర్డుకు సరిగ్గా దిగువనే అమరి ఉంటాయి. అందువలన బల్లపై వాడే కంప్యూటరు కన్నా దీనికి ముప్పు ఎక్కువ. ద్రవం పడిన తరువాత మొదటి కొన్ని నిమిషాలలో తీసుకునే చర్యలపైనే యంత్రమూ, అందులోని సమాచారమూ దక్కడం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

== నష్టం కలిగే విధానం ==
శుద్ధమైన నీరు మంచి విద్యుత్ వాహకం కాదు. అయితే కుళాయి నీటిలోను, బోరు నీటిలోను కరిగి ఉన్న లవణాల వలన విద్యుత్తు ప్రవహిస్తుంది. నష్టం రెండు విధాలుగా కలుగుతుంది.

* షార్ట్ సర్క్యూట్: విద్యుత్తు దారి తప్పి ప్రవహించడం వలన చిప్‌లు క్షణాలలో కాలిపోవచ్చు.
* తుప్పు: తడిసిన వలయంలో విద్యుత్తు ఉన్నప్పుడు విద్యుద్విశ్లేషణ జరిగి రాగి తీగలు క్రమంగా తినివేయబడతాయి. దీని ఫలితం కొన్ని రోజులకో, వారాలకో బయటపడవచ్చు.

ల్యాప్‌టాప్‌ను ఆపివేసినా బ్యాటరీ నుండి మదర్‌బోర్డులోని కొన్ని భాగాలకు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. పంచదార కలిసిన పానీయాలు ఆరిన తరువాత జిగురుగా మిగిలి, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఉప్పు అధికంగా ఉండే సముద్రపు నీరు మరింత హానికరం.

== వెంటనే చేయవలసిన పనులు ==
# ఛార్జరు తగిలించి ఉంటే గోడకున్న స్విచ్ ఆపి, పొడి చేతులతో తీగను తొలగించాలి.
# పవర్ బటన్‌ను సుమారు 10 సెకన్లు నొక్కి ఉంచి యంత్రాన్ని ఆపాలి. తెరిచి ఉన్న ఫైళ్ళను భద్రపరచడానికి ఆగరాదు.
# మౌస్, పెన్ డ్రైవ్ వంటివి తీసివేయాలి. బ్యాటరీ ఊడదీయగలిగినదైతే దానిని కూడా తీయాలి.
# పైకి కనిపించే ద్రవాన్ని మెత్తని పొడిబట్టతో అద్దాలి.
# మూత తెరిచి, కీబోర్డు క్రిందివైపు ఉండేలా గుడారం వలె బోర్లించాలి.

బ్యాటరీ వేడెక్కినా, ఉబ్బినా, బుసకొట్టినా, ఘాటైన వాసన వచ్చినా యంత్రాన్ని ముట్టుకోకుండా దూరంగా వెళ్ళి, ఇతరులను కూడా దూరంగా ఉంచాలి. లిథియం-అయాన్ బ్యాటరీలు మండే ప్రమాదం ఉన్నది.

== చేయకూడని పనులు ==
* పనిచేస్తున్నదో లేదో చూడడానికి మళ్ళీ మళ్ళీ ఆన్ చేయరాదు, ఛార్జింగ్ పెట్టరాదు.
* యంత్రాన్ని కుదపరాదు. కుదిపితే ద్రవం పొడి భాగాలకు కూడా పాకుతుంది.
* హెయిర్ డ్రయ్యర్ వాడరాదు, మండుటెండలో ఉంచరాదు. అధిక వేడి ప్లాస్టిక్‌కూ, బ్యాటరీకీ హాని చేస్తుంది. ఫ్యాను గాలి చాలు.
* బియ్యంలో పెట్టడం వలన ప్రయోజనం లేదు. బియ్యం లోపలి ద్రవాన్ని లాగలేదు. పైగా పిండి, నూక సందులలోకి చేరతాయి. ఐఫోన్లను బియ్యంలో ఉంచవద్దని యాపిల్ సంస్థ కూడా సూచించింది.

== శుభ్రపరచడం ==
ఆరడమూ శుభ్రపడడమూ ఒకటి కాదు. నీరు ఆవిరైపోయినా లవణాలు, పంచదార అక్కడే మిగులుతాయి. ఒకటి రెండు రోజులు ఆరబెట్టిన తరువాత యంత్రం మామూలుగా పనిచేసినా, లోపల తుప్పు సాగుతూ ఉండవచ్చు. కావున వీలైనంత త్వరగా నిపుణుని చేత విప్పించడం మేలు. బ్యాటరీ సంధానం తొలగించి, మదర్‌బోర్డును 90 శాతం లేదా అంతకు మించిన గాఢత గల ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెత్తని బ్రష్షు సాయంతో శుభ్రపరుస్తారు. ఏ ద్రవం పడిందో, ఎంత పడిందో దాచకుండా చెప్పడం మరమ్మత్తుకు తోడ్పడుతుంది.

== సమాచార భద్రత ==
యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. విద్యార్థి పరిశోధన వ్యాసమో, కుటుంబ ఛాయాచిత్రాలో పోతే తిరిగి రావు. యంత్రం మళ్ళీ పనిచేస్తే మొదట చేయవలసిన పని ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసుకోవడం. పనిచేయకపోయినా చాలా నమూనాలలో హార్డ్ డిస్క్‌ను లేదా ఎస్ఎస్‌డీని తీసి వేరొక కంప్యూటరుకు తగిలించి చదవవచ్చు. కొన్ని పలుచని నమూనాలలో నిల్వ చిప్‌లు మదర్‌బోర్డుకే అతికి ఉండడం వలన ఇది సాధ్యపడదు. అట్టివారికి ముందుగా తీసి ఉంచిన నకలే రక్ష.

== నివారణ ==
కొన్ని ల్యాప్‌టాప్‌లలో కీబోర్డుపై పడిన ద్రవం బయటకు పోవడానికి కాలువలు ఉంటాయి. ఇవి కొద్దిపాటి నీటినే తట్టుకోగలవు. ద్రవం వలన కలిగే నష్టానికి సాధారణ వారంటీ సామాన్యంగా వర్తించదు. ప్రమాద నష్టానికి ప్రత్యేక రక్షణ పథకం తీసుకోవలసి ఉంటుంది. పానీయాలను ల్యాప్‌టాప్ కంటే తక్కువ ఎత్తులో, వేరొక పీటపై ఉంచడం అన్నిటికన్నా సులభమైన జాగ్రత్త.

== ఇవి కూడా చూడండి ==
* మదర్‌బోర్డు
* లిథియం-అయాన్ బ్యాటరీ
* విద్యుద్విశ్లేషణ