ప్రత్తికట్టె, మిరపకట్టెలకు తగిన పొయ్యి ఏది?

ప్రత్తి తీతలు ముగిసిన పిమ్మటను, మిరప కోతలు తీరిన పిమ్మటను చేలలో నిలిచిన కట్టెను తొలగించుట రైతులకు ఏటేట తప్పని పని. ప్రత్తిపాడు, పెదనందిపాడు మొదలుకొని పర్చూరు వఱకు గల నల్లరేగడి భూములలో ఈ పని సంక్రాంతి మొదలు వేసవి వఱకు సాగుచుండును. కట్టెను సులభముగా కాల్చుటకు పెద్ద యినుప పొయ్యి నొకదానిని సంఘము పక్షమున కొనరాదా యను ప్రశ్న సహజముగ కలుగును. పొయ్యి వెల విచారించుటకు ముందు, కాల్పవలసిన దేది, కాల్పరాని దేది యని నిర్ణయించుకొనుట మేలు. ఆ నిర్ణయమును బట్టియే పొయ్యి పరిమాణము తేలును.

ప్రత్తిచేనిలో తప్పక నాశనము చేయవలసినది ముఖ్యముగ కట్టె కాదు. కట్టెకు అంటియున్న పగులని కాయలు, గుడ్డికాయలు. గులాబిరంగు కాయతొలుచు పురుగు ఈ కాయలలో రెండు గింజలను దారముతో జతపఱచుకొని, వాని నడుమ నెలల తరబడి నిద్రావస్థలో నుండగలదు. మరుసటి పైరు పూతకు వచ్చువేళకు రెక్కల పురుగై వెలువడి గ్రుడ్లు పెట్టును. కావున వంటచెఱకు కొఱకు దొడ్డిలో కాయలతో సహా పేర్చిన ప్రత్తికట్టె, వచ్చు నేటి పురుగునకు పాతర వంటిది. ఒక్క యింటివారు చేను శుభ్రపఱచి, ప్రక్కయింటివారు కట్టెను వామి వేసినచో, మొదటివాని శ్రమ వ్యర్థమగును.

ఈ సంగతి క్రొత్తది కాదు. గుంటూరు మండలము మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1919లో వ్యవసాయపు పురుగుల, తెగుళ్ల చట్టము చేయబడినది. దాని క్రింద కోయంబత్తూరు ప్రాంతమున కంబోడియా ప్రత్తి వేయు రైతులు గడువులోపల మోళ్లను పెరికివేయవలెనని కట్టడి యుండెను. మన దేశమునకు 2002లో బి.టి. ప్రత్తియు, 2006లో రెండు జన్యువులు గల బి.టి. ప్రత్తియు వచ్చినవి, గులాబిరంగు పురుగు ఆ రెంటికిని అలవాటుపడినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో గడువులోపల మోళ్లను దున్నివేయుట, బి.టి. విత్తనములు, లింగాకర్షక బుట్టలు, గొడ్డు పురుగులను విడుచుట అను పనులను రైతులందఱు కలిసి చేయగా, ఆ పురుగు తమ ప్రత్తిచేలనుండి తొలగినదని 2018లో అచ్చటి ప్రభుత్వము ప్రకటించినది. అచ్చటను విత్తన మొక్కటియే చాలలేదు. అందఱును గడువు పాటించుటయు ముఖ్యమైనది.

మిరపకట్టె సంగతి వేఱు. 2021-22లో మన మిరపచేలను పాడుచేసిన నల్ల తామరపురుగులు నిద్రావస్థను నేలలో గడుపును. కట్టెను కాల్చినంతమాత్రమున అవి నశింపవు. కోతలు తీరినవెంటనే మొక్కలను పెరికి, వేసవిలో లోతు దుక్కి చేయుట వీనికి తగిన పని. వైరసు తగిలిన మొక్కలను, వేరుకుళ్లు పట్టిన మొక్కలను మాత్రము ఏరి కాల్చుట మంచిది.

ఇక పొయ్యి పరిమాణమును లెక్క చూతము. ఎకరమునకు ఎండు ప్రత్తికట్టె సుమారు ఒక టన్ను వచ్చును. 200 లీటర్ల పీపాలో, నఱికి కుక్కినను, 20 కిలోలు పట్టుననుకొందము. ఎకరము కట్టెకు 50 దఫాలు కావలెను. దఫాకు గంట చొప్పున చూచినను ఆఱు దినముల కూలి. అయిదెకరముల రైతు నెల దినములు పొయ్యి వద్దనే నిలువవలసివచ్చును. ఇటుకలతో పెద్ద పొయ్యి కట్టినచో బండ్లతో కట్టెను అచ్చటికి తోలవలెను. పైగా రేగడినేల తడికి ఉబ్బి, ఎండకు పగులును గనుక గట్టి పునాది లేనిదే గోడలు నిలువవు. కట్టె యంతటికి పొయ్యి వెదకుట గిట్టుబాటు కాదనుటకు ఈ లెక్క చాలును.

కావున పనిని మూడుగా విభజింపవలెను. మొదటిది, కాయలు. కట్టెను పెరికినవెంటనే పట్టాపై దులిపి కాయలను వేఱుచేసి, ఆలస్యము చేయక కాల్పవలెను. ఇవి కట్టెతో పోల్చిన మిక్కిలి కొంచెము గనుక పీపాపొయ్యి చాలును. పీపా అడుగున చుట్టును అంగుళము వెడల్పుగల రంధ్రములు చేసి, మూడు ఇటుకలపై నిలిపి, నిప్పురవ్వలు లేవకుండ పైన సన్నని యినుపవల కప్పవలెను. మందులు, రసాయనములు నిలువచేసిన పీపాలు పనికిరావు.

రెండవది, మిగిలిన కట్టెలో అధికభాగము. దీనిని ట్రాక్టరునకు తగిలించు ష్రెడ్డరుతో ముక్కలు చేసి నేలలో కలియదున్నుట మేలు. కాల్చినచో కట్టెలోని నత్రజని, గంధకము చాలవఱకు గాలిలో కలిసిపోవును. అయితే కట్టెముక్కలు చివుకుచున్నంతకాలము నేలలోని నత్రజనిని తాత్కాలికముగ పట్టియుంచును. కావున విత్తుటకు చాలముందే కలియదున్నవలెను, లేదా పేడతో కలిపి గుంటలో మాగవేయవలెను.

మూడవది, బొగ్గు. హైదరాబాదునందలి కేంద్రీయ మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థవారు ప్రత్తికట్టెను బొగ్గుగా మార్చు పీపాబట్టీని రూపొందించిరి. ఖర్చులేని మార్గము గరాటు ఆకారపు గుంట: పైన ఆఱడుగుల వెడల్పు, మూడడుగుల లోతు చాలును. బాగుగ ఎండిన కట్టెతో అడుగున మంట వేసి, పైపొర తెల్లని బూడిద పట్టగానే మఱియొక పలుచని పొర వేయుచుండవలెను. క్రిందినుండి లేచు పొగ పైమంటలో కాలిపోవును గనుక పొగ తక్కువ. గుంట నిండగానే నీరు పోసి పూర్తిగ చల్లార్పవలెను. ఆ బొగ్గును పశువుల ఎరువుతో మాగవేసి చేనికి తోలవలెను. బూడిదలో పొటాషు, సున్నము ఉండును. మన రేగడిలో సున్నము సాధారణముగ కలదు గనుక, దానిని కుప్పగా కాక పలుచగా చల్లవలెను.

ఏ పొయ్యికైనను కొన్ని నియమములు కలవు. గాలిలేని ఉదయమున మాత్రమే వెలిగింపవలెను. గడ్డివాములకు, పూరిపాకలకు, మిరప ఆరబోసిన కల్లములకు నూఱడుగులకు తక్కువకాని దూరమున నుండవలెను. నీటిబిందెలు దగ్గఱ నుంచుకొనవలెను. కిరసనాయిలు, పెట్రోలు పోయరాదు. మల్చింగు షీట్లు, విత్తనపు సంచులు పొయ్యిలో వేయరాదు. ప్లాస్టికు పొగ విషము. పురుగుమందు డబ్బాలను కాల్పక, 1971 నాటి క్రిమిసంహారక నియమములు చెప్పినట్లు పగులగొట్టి, నివాసములకు దూరముగ పాతిపెట్టవలెను.

సంఘము సొమ్ము వెచ్చింపదలచినచో, పెద్ద పొయ్యికంటె అందఱు వంతులవారీగ వాడుకొను ష్రెడ్డరు ఒకటి, నాలుగు పీపాపొయ్యిలు మేలు. అంతకంటె ముఖ్యమైనది ఖర్చులేనిది: ఊరిలోని ప్రత్తికట్టె యంతయు ఒకే వారములో పెరికివేయవలెనని సభ్యులందఱు మహాజనసభలో తీర్మానించుకొని, దానిని పాటించుట. పురుగునకు గట్టు అడ్డము కాదు గనుక, ఈ పని ఒక్కరిచేత నెఱవేరదు; సంఘముచేతనే నెఱవేరును.