ఉచితమే, కానీ ఎక్కించేదెవరు?



నేడు కంప్యూటర్ అవసరం లేని చదువు లేదు. ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయాలన్నా, పీజీ డిసర్టేషన్‌కు లెక్కలు కట్టాలన్నా దాని ముందు కూర్చోవలసిందే. అయితే కంప్యూటర్ అంటే విండోస్, టైపింగ్ అంటే ఎంఎస్ ఆఫీస్, గణాంకాలంటే ఎస్‌పీఎస్‌ఎస్ అనే భావన మనలో స్థిరపడిపోయింది. వాటి లైసెన్సు కొనాలంటే మన స్కాలర్‌షిప్ ఏ మూలకూ సరిపోదు. కాబట్టి ఎవరి దగ్గరో దొంగ కాపీ వేయించుకుంటాం. దానితో వచ్చే వైరస్ మాత్రం ఉచితం!

నిజానికి ఇవే పనులు చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్, గణాంకాలకు ఆర్, పీఎస్‌పీపీ, మ్యాపులకు క్యూజీఐఎస్, ఫొటోలకు జింప్. కంప్యూటర్‌ను నడిపించడానికి విండోస్‌కు బదులు లినక్స్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ రాశారు. స్టాల్‌మన్ చెప్పిన స్వేచ్ఛలు నాలుగు: నచ్చిన పనికి నడుపుకోవడం, లోపల ఎలా పనిచేస్తుందో చూడడం, ఇతరులకు పంచడం, మార్చుకోవడం. వీటిలో మొదటిది నడుపుకోవడం. ఎక్కించడమే చేతకాకపోతే మిగతా మూడూ కాగితం మీదే ఉంటాయి.

మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో బోరు కష్టం తెలియనివారుండరు. ఒక రైతుకు ఎవరో సబ్‌మెర్సిబుల్ మోటరు ఉచితంగా ఇచ్చారనుకుందాం. పైపులు, కేబులు, స్టార్టరు కావాలి. దింపడానికి మెకానిక్ కావాలి, నలుగురు మనుషులు కావాలి. అవేవీ లేకపోతే మోటరు కొట్టంలో ఓ మూలన పడి ఉంటుంది. మోటరు మంచిది కాదని దానర్థమా? సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. ధర లేకపోవడం వేరు, ఖర్చు లేకపోవడం వేరు.

దీనికి మన తెలుగులోనే మంచి ఉదాహరణ ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. కానీ అందులో రాసేదెలా? ఆ రోజుల్లో ఎక్కువగా విండోస్ ఎక్స్‌పీ ఉండేది. అందులో తెలుగు సరిగా కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, భాషల సెట్టింగుల్లో ఒక పెట్టెలో టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టగానే అది ఎక్స్‌పీ సీడీ అడిగేది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి కూర్చున్నవాడు సీడీ ఎక్కడినుంచి తెస్తాడు? ఒకవేళ అది దాటినా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవాలి. తెలుగు రాయగలిగినవారు లక్షల్లో ఉన్నా, టైపు చేయగలిగినవారు అందుకే తక్కువ.

ఈ ముడిని విప్పినది లేఖిని. నాగార్జున వెన్న రూపొందించిన పద్మ అనే ఓపెన్ సోర్స్ ఉపకరణం ఆధారంగా వీవెన్ దీన్ని తయారుచేశారు. ఎక్కించవలసింది ఏమీ లేదు, ఒక వెబ్ పేజీ, అంతే. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో ఎ, ఎం, ఎం, ఎ అని కొడితే కింద ‘అమ్మ’ అని వస్తుంది. దాన్ని కాపీ చేసుకుని ఎక్కడైనా అతికించవచ్చు. తెలుగులో బ్లాగులు, వికీపీడియా వ్యాసాలు రాసినవారిలో చాలామంది లేఖినితోనే మొదలుపెట్టారు. అంతకంటే గొప్ప ఎడిటర్లు లేక కాదు. మధ్యలో అడ్డు తీసేసింది కాబట్టి.

నాకు మరో ఉదాహరణ ఇంకా నచ్చుతుంది. “లినక్స్ కష్టం భయ్” అనే మిత్రుని జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటుంది. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే! దాన్ని ఎక్కించమని అతన్ని ఎవరూ అడగలేదు, అందుకే కష్టం అనిపించలేదు.

లాప్‌టాప్ దగ్గరకు వస్తే కథ మారుతుంది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 వంటి సదుపాయాలు కావాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మనం కొనే సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లలో చాలావాటికి అవి ఉండవు. అలాంటి వాటికి లినక్స్ బాగా సరిపోతుంది. కానీ దారిలో ఎన్ని గడపలున్నాయో చూడండి.

మొదటిది డౌన్‌లోడ్. 2004లో వచ్చిన తొలి ఉబుంటు ఒక్క సీడీలో పట్టేది. అడిగినవారికి ఆ సీడీలను పోస్టులో ఉచితంగా పంపే ఏర్పాటు 2011 వరకు ఉండేది. ఉబుంటు 24.04 ఫైలు సుమారు 6 జీబీ. రోజుకు 1.5 జీబీ డేటా వచ్చే మన రీచార్జ్‌కు అది నాలుగు రోజుల తిండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు, రూఫస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. తర్వాత లాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఒక మీట నొక్కాలి. ఒక కంపెనీకి ఎఫ్2, ఒకదానికి ఎఫ్12, మరొకదానికి ఎస్కేప్. అవన్నీ దాటాక తెర మీద ‘ఎరేజ్ డిస్క్’ అని ఇంగ్లీషులో కనిపిస్తుంది. డిసర్టేషన్ అంతా అందులోనే ఉన్న విద్యార్థి అక్కడ ఆగిపోతాడు. ఆగడమే తెలివి కూడా.

ఇది కూడా అయిందనుకోండి, వైఫై రాకపోవచ్చు. చాలా వైఫై చిప్‌లకు తయారీదారుల ఫర్మ్‌వేర్ కావాలి. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కనుక డెబియన్ వారు దాన్ని తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి! 2022లో ఓటింగు జరిపి, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని చేర్చారు. సిద్ధాంతంలో కొంత సడలించారని బాధపడినవారున్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం.

చిన్న విషయమూ ఎంత ఆపుతుందో పైథాన్ నేర్చుకున్నవారికి తెలుసు. విండోస్‌లో దాని ఇన్‌స్టాలర్ మొదటి తెర అడుగున ‘పాత్’కు చేర్చమనే చిన్న పెట్టె ఖాళీగా ఉండేది. టిక్కు పెట్టకుండా ముందుకు వెళితే, కమాండ్ విండోలో పైథాన్ అని కొట్టినప్పుడు ‘గుర్తించలేదు’ అని వచ్చేది. ఇంట్లో ఇంజినీరు అన్న ఉన్నవాడు ఫోన్ చేసి అడుగుతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి, మనలో చాలామంది పరిస్థితి అదే. అడిగే మనిషి లేనివాడు ‘ఇది నాకు రాదు’ అనుకుని మూసేస్తాడు. ఆ ఒక్క టిక్కు తెలివితేటల పరీక్ష కాదు గదా!

కష్టపడి ఎక్కిస్తేనే లోపలి విషయాలు తెలుస్తాయని కొందరు సీనియర్ల వాదన. కంప్యూటర్ సైన్సు వారికి అది నిజమే కావచ్చు. తెలుగు ఎంఏ, ఎకనామిక్స్ ఎంఏ చదివేవారికి పార్టిషన్లు ఎందుకు తెలియాలి? బండి నడపడానికి ఇంజను విప్పనక్కరలేదు.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఈ చిక్కును రెండు వైపుల నుంచి పట్టుకుంది. డెబియన్ ఆధారంగా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థులతో గ్లగ్ అనే లినక్స్ బృందాలు నడిపింది. ఇలాంటి బృందాలు జరిపే ‘ఇన్‌స్టాల్ ఫెస్ట్’లో లాప్‌టాప్ తీసుకెళితే, తెలిసినవారు పక్కన కూర్చుని ఎక్కించి ఇస్తారు.

మన హాస్టల్లో కూడా ఒక్కరు డౌన్‌లోడ్ చేస్తే అందరికీ చాలు, ఎందుకంటే పంచుకోవడం ఇక్కడ నేరం కాదు. 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి లైబ్రరీలో ఉంచుకోవచ్చు. ముందే ఎక్కించకుండా ‘ట్రై’ అనే ఎంపికతో పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, డిస్క్‌లోని ఫైళ్లకు ఏమీ కాదు. వైఫై, సౌండు, తెలుగు కీబోర్డు వస్తున్నాయో అక్కడే తెలుస్తుంది. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలాసార్లు నెట్ వస్తుంది. ఎక్కించాలని నిర్ణయించుకున్నాక మాత్రం ఫైళ్లన్నీ ముందు వేరేచోట కాపీ చేసుకోండి.